బట్టల అర ఖాళీ చేయడం వేరు, కానుక ఇవ్వడం వేరు

అమెరికాలో ఇంటి కుట్టుపని చేసేవారందరికీ పరిచయమైన జోయాన్ బట్టల దుకాణాలు 2025 మే నెలాఖరుకల్లా అన్నీ మూతబడ్డాయి. 1943లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లండ్‌లో మొదలై దేశమంతటా సుమారు 800 దుకాణాలు నడిపిన ఆ సంస్థ, ఏడాది తిరగకముందే రెండోసారి దివాలా పిటిషన్ వేసి, సరుకంతా తెగనమ్మి తప్పుకొంది. చివరి నెలల్లో తగ్గింపు ధరలకు ఆశపడిన క్విల్టర్ల, అంటే బట్టముక్కలు అతికి క్విల్టులనే బొంతలు కుట్టేవారి, ఇళ్లలో అరలు మరింత నిండాయి. అదే సమయంలో, చిన్న ఊళ్లలో ఉండేవారికి బట్టను చేత్తో తాకి, రంగు పక్కన రంగు పెట్టి చూసి కొనుక్కునే చోటు లేకుండా పోయింది. ఒక ఇంట్లో మిగులు, మరో ఇంట్లో కొరత ఏర్పడినప్పుడు బట్ట చేతులు మారడం సహజం. అయితే అది ఏ మర్యాదతో మారాలన్నది పైకి కనిపించేంత చిన్న విషయం కాదు.

క్విల్టర్లు ఇంట్లో పోగేసుకునే బట్టను స్టాష్ అంటారు. జన్మంతా కుట్టినా తరగనంత ఉందని తమమీద తామే పరిహాసమాడుకోవడం వారిలో మామూలే. దీన్ని దర్జీ కొట్లో మిగిలే తుండుముక్కల వంటిదిగా భావించకూడదు. అందులో చాలా భాగం ఏ పనికో ముందుగా అనుకోకుండా, కేవలం నచ్చి కొన్నది. ఎందుకంటే బట్ట కంపెనీలు ఒక అచ్చును కొన్ని నెలలపాటు ముద్రించి ఆపేస్తాయి, మళ్లీ కావాలన్నా దొరకదు. క్విల్టింగుకు వాడే నూలుబట్ట గజం పన్నెండు డాలర్లు దాటిన రోజులివి. వీరు ఎక్కువగా ఇచ్చిపుచ్చుకునే కొలత ఫ్యాట్ క్వార్టర్, అంటే అరగజం బట్టను నడిమికి కత్తిరించగా వచ్చే 18 అంగుళాలకు 22 అంగుళాల ముక్క. పావుగజాన్ని అడ్డంగా కోస్తే తొమ్మిది అంగుళాల పొడుగాటి పీలిక వస్తుంది, అందులో పెద్ద పువ్వు పట్టదు. అదే విస్తీర్ణాన్ని ఇలా కోస్తే పడుతుంది. స్నేహితురాలి చేతిలో ఎవరైనా పది ఫ్యాట్ క్వార్టర్లు పెట్టారంటే అది రెండున్నర గజాల బట్ట, కొత్తగా కొంటే ముప్పై డాలర్ల పైమాట. దానిని ఉత్త పాత గుడ్డల కింద జమకట్టలేం.

ఇలా ఇచ్చిపుచ్చుకోవడం క్విల్టింగులో కొత్తేమీ కాదు. 1840ల నాటి అమెరికాలో స్నేహితురాళ్లు తలా ఒక చదరం కుట్టి, దానిపై సిరాతో సంతకం చేసి ఇస్తే, వాటన్నిటినీ ఒకే క్విల్టుగా కూర్చే ఆచారం బాగా వ్యాపించింది. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో చార్మ్ క్విల్టుల మోజు వచ్చింది. ఏ రెండు ముక్కలూ ఒకే బట్టవి కాకూడదన్నది వాటి నియమం కాబట్టి, వందల రకాల ముక్కలు ఏ ఒక్క ఇంట్లోనూ దొరకక, ఇరుగుపొరుగును అడగక తప్పేది కాదు. 1930ల మాంద్యంలో పిండి, దాణా సంచులను పూల అచ్చుల బట్టతో తయారుచేసేవారు. ఒక గౌనుకు ఒకే అచ్చు సంచులు మూడో నాలుగో కావలసి రావడంతో ఆడవాళ్లు తమ దగ్గరున్నవి ఇచ్చి కావలసినవి మార్చుకునేవారు.

ఈ మూడు సందర్భాల్లోనూ పుచ్చుకునే మనిషికి తనకేం కావాలో ముందే తెలుసు. అవసరం అటువైపు పుట్టేది, బట్ట దాన్ని వెతుక్కుంటూ వెళ్లేది. నేడు వ్యవహారం తిరగబడింది. ఇచ్చేవారి అర నిండిపోవడంతో కథ మొదలవుతుంది, పుచ్చుకునేవారి అవసరాన్ని తరవాత ఊహించుకుంటారు. స్టాష్ నుంచి కానుకలు ఇవ్వడంలో తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కొరత ఉన్న కాలంలో అడగడం దానంతటదే జరిగేది. మిగులు ఉన్న కాలంలో ఆ అడగడాన్ని మర్యాదగా మనం పెట్టుకోవాలి. దానికి తోడు, బట్టను పనికొచ్చేలా సిద్ధం చేసే శ్రమ ఇచ్చేవారు భరించి, దాన్ని ఏం చేయాలన్న నిర్ణయం పుచ్చుకునేవారికి వదిలేయాలి. సాధారణంగా జరిగేది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం.

ముందుగా శ్రమ సంగతి. ఒక ముక్క చేతికి వచ్చినప్పుడు క్విల్టరుకు మొదట తెలియవలసింది అది ఉతికిందా, ఉతకనిదా అన్నది. నూలుబట్ట మొదటి ఉతుకులో కొంత కుదించుకుంటుంది. ఉతికినదీ ఉతకనిదీ ఒకే క్విల్టులో కలిస్తే, పూర్తయ్యాక తొలిసారి నీళ్లలో పడ్డప్పుడు ఒకటి ముడుచుకుని మరొకటి ముడుచుకోక ముడతలు పడుతుంది. ముందుగా ఉతకాలా వద్దా అన్నదానిపై క్విల్టర్లు రెండు వర్గాలుగా చీలి ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు, ఆ తగువు తీర్చే పని మనది కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. రెండోది, బట్ట అచ్చంగా నూలేనా, పాలియెస్టర్ కలిసిందా అన్నది. నూలుకు పెట్టే వేడి ఇస్త్రీ పాలియెస్టర్‌కు పనికిరాదు. ఇచ్చే ముందు ఒక పోగు తీసి కాల్చి చూస్తే, నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు.

వాసన విషయంలో మాత్రం ఇచ్చేవారి ముక్కును నమ్మడానికి లేదు. సిగరెట్ పొగ, తడి గోడల వాసన, పిల్లి బొచ్చు ఉన్న ఇంట్లో ఏళ్లుగా ఉంటున్నవారికి అవేవీ తెలియవు. ఉబ్బసం ఉన్న స్నేహితురాలికి సంచి విప్పగానే తెలుస్తుంది. అలాగే కిటికీ పక్క అరలో మడిచి ఉంచిన బట్ట, మడత వెంట గీత గీసినట్టు వెలిసిపోతుంది. దాన్ని పూర్తిగా విప్పి వెలుతురులో పట్టుకుంటే గాని కనబడదు. విప్పి చూడకుండా ఇచ్చేవారే ఎక్కువ. ఇక బట్ట అంచు. కంపెనీ పేరు, అచ్చు పేరు, వాడిన రంగులను సూచించే చిన్న చుక్కలు ఆ అంచుమీదే ఉంటాయి. చూడటానికి నీటుగా ఉంటుందని దాన్ని కత్తిరించి ఇస్తే, అదే బట్ట మరికొంత కావలసి వచ్చినప్పుడు వెతకడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది.

ఇక్కడ మన ప్రాంతానికి నేరుగా సంబంధించిన ఒక విషయం ఉంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ సంపన్నుల ఇళ్లలో క్విల్టులకు వాడిన చింట్జ్ అనే పూల నూలువస్త్రాల్లో కోరమాండల్ తీరం నుంచి వెళ్లినవి ఎన్నో ఉన్నాయి. మచిలీపట్నం ఆ తీరంలో పేరుమోసిన ఎగుమతి రేవు. చిరిగిపోయినా పారేయడానికి మనసొప్పక, ఆ బట్టల్లోని పూలనూ పిట్టలనూ విడిగా కత్తిరించి తెల్లటి గుడ్డమీద కుట్టుకునే పద్ధతి ఒకటి ఆ దేశాల్లో పుట్టింది. నేడు అమెరికాలో క్విల్టింగు నేర్చుకున్న తెలుగువారు ఇండియా వచ్చినప్పుడు పెడన కలంకారీయో, పోచంపల్లి ఇక్కత్తో నాలుగైదు మీటర్లు కొనుక్కెళ్లి గిల్డులోని, అంటే క్విల్టర్ల సంఘంలోని, స్నేహితురాళ్లకు ముక్కలుగా పంచడం ఎంతో ముచ్చటైన పని. కానీ ఆ బట్ట గురించి వారికి తెలియనిది మనకు తెలుసు కాబట్టి, చెప్పవలసిన బాధ్యత కూడా మనదే అవుతుంది. కలంకారీ పేరుతో బజార్లో అమ్మే బట్టలో స్క్రీన్ ప్రింటు వేసినదీ, రసాయన రంగులదీ ఎంతో ఉంది. చెక్క అచ్చులతో అద్దిన అసలైనది కూడా మొదటి రెండు మూడు ఉతుకుల్లో ఎంతో కొంత రంగు దిగుతుంది. తెల్ల చదరం పక్కన అది కుట్టి, పూర్తయిన క్విల్టును ఉతికాక చూసుకుంటే నెలల పని ఎర్రబారి ఉంటుంది. ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసే కసీంతో వేసిన నల్లగీతల చోట ఏళ్లు గడిచేకొద్దీ బట్ట పెళుసవుతుంది. మ్యూజియంలలోని పాత చింట్జ్‌లలోనూ ముందుగా చిరిగేది అక్కడే. కాబట్టి ఇచ్చే ముందు చన్నీళ్లలో రెండు మూడుసార్లు జాడించి, ఆరేసి, ఒక చీటీమీద రెండు వాక్యాలు రాసి పెడితే ఆ కానుక విలువ రెట్టింపవుతుంది.

ఇంత పట్టింపు దేనికి, క్విల్టు పుట్టిందే అతుకుల బొంతగా కదా అని ఎవరైనా అడగవచ్చు. అది తేలిగ్గా తోసేయదగ్గ ప్రశ్న కాదు. అలబామాలోని గీస్ బెండ్ గ్రామంలో మిస్సోరీ పెట్‌వే చనిపోయిన తన భర్త పనిబట్టలతోనే 1942లో క్విల్టు కుట్టుకుంది. నేడు ఆ ఊరి క్విల్టులు పెద్ద పెద్ద కళా మ్యూజియంలలో ఉన్నాయి. వెలిసిన మోకాలిభాగం, అతుకేసిన జేబు అందులో లోపాలు కావు, ప్రాణం. మన ఇళ్లలో పాత చీరలతో కుట్టిన బొంతల సంగతీ అంతే. అయితే వాటిలో ప్రతి ముక్కా కుట్టినవారి ఇంటిదే, ఏది ఉంచాలో ఏది తీసేయాలో వారే తేల్చుకున్నారు. నా ఇంటి చిరుగును నా బొంతలో వేసుకోవడానికీ, దాన్ని తీసుకెళ్లి పక్కింటావిడ చేతిలో పెట్టడానికీ ఉన్న తేడాను చూడకపోతే ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది.

ఈ తప్పుదారిలో అందరికంటే ఎక్కువగా నలిగేది కొత్తగా నేర్చుకునేవారు. నేర్చుకోవడానికి ఇది చాల్లే అని సాగిపోయిన బట్ట, వంకరగా కోసిన బట్ట, ఎవరికీ నచ్చని రంగు వారికి అంటగడతారు. పలచటి బట్టను, జారిపోయే బట్టను అదుపు చేయడం చెయ్యి తిరిగినవారికే కష్టం. కొత్తవారు కుట్టిన మూలలు కలవనప్పుడు తప్పు తమ చేతిదే అనుకుని పని మానేస్తారు. నిజానికి బిగువైన నేత ఉన్న మంచి నూలుబట్ట అవసరం వారికే ఎక్కువ. దానానికి కుట్టే క్విల్టుల విషయంలోనూ ఇదే ధోరణి కనబడుతుంది. యుద్ధంలో పాల్గొన్న సైనికులకు క్విల్టులు కుట్టి ఇవ్వడానికి 2003లో మొదలైన క్విల్ట్స్ ఆఫ్ వేలర్ వంటి సంస్థలు నాణ్యమైన నూలుబట్టే కావాలని స్పష్టంగా చెప్పడానికి కారణం లేకపోలేదు. దానమనే మాట వినగానే అడుగు అరలో ఉన్నది గుర్తుకు రావడం మనుషులకు అలవాటు.

రెండో సగం నిర్ణయానికి సంబంధించినది. ఇచ్చిన ఆర్నెల్లకు ఆ నీలం బట్టతో ఏం కుట్టావని అడిగేవారు దురుద్దేశంతో అడగరు, కానీ ఆ ప్రశ్నతో కానుక అప్పుగా మారిపోతుంది. ఇంకెక్కడా దొరకని అచ్చు అని, చేత్తో అద్దిన రంగు అని గొప్ప చెప్పి మరీ ఇస్తే, పుచ్చుకున్నవారు కత్తెర పెట్టడానికి భయపడి దాన్ని అలాగే దాచేస్తారు; బట్ట ఒక అరలోంచి మరో అరలోకి మారిందే తప్ప జరిగిందేమీ లేదు. ఇక ఇచ్చిన బట్టను అవతలివారు మరొకరికి ఇచ్చేస్తే నొచ్చుకోవడం ఇంకా పెద్ద ఇబ్బంది. ఈ విషయంలో మన పేరంటాల రవికల గుడ్డ ఎంతో తేట అయిన ఏర్పాటు. అది కుట్టించుకోవడానికి కాదని ఇచ్చేవారికీ తెలుసు, పుచ్చుకునేవారికీ తెలుసు. బీరువాలో కొన్నాళ్లుండి మరో తాంబూలంలోకి వెళ్తుంది. ఇచ్చినావిడ చేతికే మళ్లీ చేరకుండా చూసుకుంటే సరిపోతుంది, ఎవరికీ కోపం రాదు. కాకపోతే తాంబూలాన్ని వద్దనడానికి వీల్లేదు. స్టాష్ బట్టకు ఆ చెలామణి స్వేచ్ఛతో పాటు, వద్దనే స్వేచ్ఛ కూడా ఉండాలి. ఫొటో పంపి, కొలత చెప్పి, వీటిలో మీకు పనికొచ్చేవి ఏవైనా ఉంటే చెప్పండి, లేకపోయినా ఫర్వాలేదు అని అడగడంలో ఆ స్వేచ్ఛ ఉంది. ఇంటి గుమ్మంలో మూడు సంచులు పెట్టి వెళ్లిపోవడంలో లేదు.

పుచ్చుకున్న బట్టను అమ్ముకోవచ్చా అన్నదానిపై మాత్రం క్విల్టర్లలో ఏకాభిప్రాయం లేదు. నా మటుకు, గిల్డు నిధికోసం అమ్మితే తప్పు లేదు. సొంత లాభానికైతే ఇచ్చినవారికి ఒక మాట చెప్పడం బాగుంటుంది.

అన్నిటికంటే చిక్కైన సందర్భం క్విల్టరు చనిపోయినప్పుడు వస్తుంది. బట్ట విలువ తెలియని పిల్లలు ఇల్లు ఖాళీ చేయాల్సిన తొందరలో గిల్డుకు ఫోన్ చేస్తే, నాలుగైదు వ్యాన్ల బట్ట ఒక్కసారిగా వచ్చిపడుతుంది. మూడు నాలుగు గజాలకు ఒక పౌండు, అంటే దాదాపు అర కిలో, తూగే సరుకు అది. దాన్ని మోయడం, వేరుచేయడం, కొలవడం స్వచ్ఛందంగా వచ్చే పెద్ద వయసు మనుషుల నడుముల మీద పడుతుంది. కాబట్టి క్విల్టర్లు బతికుండగానే తమ స్టాష్‌లో ఏది ఎవరికన్నది రాసి పెట్టడం అపశకునమేమీ కాదు. ఒకే రంగులో ఎనిమిది గజాల తాను ఉంటే దాన్ని ముక్కలు చేసి పంచకూడదని అందులో ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే పెద్ద మంచానికి సరిపడే క్విల్టు అడుగుబట్టకు అంతా కావాలి, అలాంటి తానులు స్టాష్‌లలో అరుదు. సగం కుట్టి ఆపిన క్విల్టుల విషయం మరీ ముఖ్యం. కుట్టిన చదరాలు, మిగిలిన బట్ట, నమూనా కాగితం ఒకే సంచిలో ఉంటేనే మరొకరు వాటిని పూర్తి చేయగలరు. బట్టల కుప్పలో బట్ట, కాగితాల కుప్పలో కాగితం కలిసిపోతే, ఏ చదరం ఏ క్విల్టుదో ఎంత అనుభవమున్న గిల్డు సభ్యులైనా తేల్చలేరు.