రాజధానికి అగడ్త సరే, ఆ అగడ్తలో కాపురం ఎవరిది?

2023 ఆగస్టు మొదట్లో చైనాలో బీజింగ్ చుట్టూ ఉన్న హెబెయ్ రాష్ట్ర కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి ని యుయెఫెంగ్ వరద ప్రాంతాల పర్యటనకు వెళ్లారు. బీజింగ్ మీద వరద ఒత్తిడి తగ్గించాలని, దేశ రాజధానికి హెబెయ్ అగడ్తలా గట్టిగా నిలబడాలని అక్కడ అన్నారు. కోట చుట్టూ తవ్వి నీళ్లు నింపే కందకమే అగడ్త. ఆయన దాన్ని గొప్పగానే అనుకున్నారు. అదే సమయంలో ఆ రాష్ట్రంలోని జువోజౌలో జనం మేడల మీదికెక్కి పడవల కోసం చూస్తున్నారు. కోట ఎవరిదో, కందకం ఎవరిదో ఇంత సూటిగా ఒప్పుకున్న నాయకుణ్ణి నేను చూడలేదు. చైనా సోషల్ మీడియా భగ్గుమంది. ఆ తర్వాత అలవాటు ప్రకారం చాలా పోస్టులు మాయమయ్యాయి.

వాన మామూలుది కాదు. డోక్సురి తుఫాను బలహీనపడి ఉత్తర చైనా మీద తిష్ఠ వేసింది. జూలై 29 రాత్రి నుంచి ఆగస్టు 2 పొద్దుటి దాకా బీజింగ్ శివార్లలోని ఒక రిజర్వాయర్ దగ్గర 744.8 మిల్లీమీటర్ల వర్షం పడింది. మన అనంతపురంలో ఏడాదంతా కలిపినా అంత పడదు. 140 ఏళ్ల బీజింగ్ వర్షపాతం రికార్డుల్లో అలాంటిది లేదు. హైహె నదీ పరీవాహకంలో ఎనిమిది 'వరద నిల్వ ప్రాంతాల'లోకి నీళ్లు మళ్లించారు. పేరు వింటే ఖాళీ చెరువులు అనుకుంటాం. వాటిలో ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. జువోజౌలో అయితే వందల కొద్దీ ప్రచురణ సంస్థల పుస్తకాల గోదాములున్నాయి, లక్షల పుస్తకాలు నీళ్లలో నాని ముద్దయ్యాయి. హెబెయ్‌లో ఖాళీ చేయించిన జనం పది లక్షలు దాటారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 'బీజింగ్‌ను కాపాడటానికి జువోజౌను ముంచేశారు' అనే కథ వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ పూర్తి నిజం కాదు. తైహాంగ్ కొండల్లో కురిసిన వాన జుమా నది గుండా ఎటూ జువోజౌ వైపే దిగుతుంది. ఆ ఊరు పల్లంలో ఉంది, బీజింగ్ దానికి ఎగువన ఉంది. బీజింగ్ కూడా పొడిగా మిగల్లేదు, అక్కడా 33 మంది చనిపోయారు. ఎవరూ గేట్లు ముట్టుకోకపోయినా జువోజౌలో ఎంతో కొంత ముంపు వచ్చేదే. అయితే ఏ కట్టను ఎంతసేపు కాపాడాలి, ఏ నిల్వ ప్రాంతాన్ని ఎప్పుడు తెరవాలి, నీళ్లు ఎక్కడ ఎన్ని వారాలు నిలవాలి అన్నవి మనుషులు తీసుకున్న నిర్ణయాలు. కిందనున్న బాజౌలో జనం ప్రభుత్వ కార్యాలయం ముందు బ్యానర్ పట్టుకుని నిలబడింది అందుకే. మా ఊరు మునిగింది వానకు కాదు, మీరు వదిలిన నీళ్లకు అన్నది వాళ్ల ఆక్రోశం. వాళ్లకు కావాల్సింది జాలి కాదు. జరిగిందేమిటో జరిగినట్టు రాయమంటున్నారు. వాన వల్ల మునిగితే అది విపత్తు, సాయం అందితే అందుతుంది లేకపోతే లేదు. ఒకరి కోసం ఇంకొకరిని ముంచితే అది బాకీ.

వరదను పల్లెల మీదికి మళ్లించడం ఎప్పుడూ తప్పే అని నేను అనను. నదిలో పట్టనన్ని నీళ్లు వచ్చినప్పుడు అవి ఎక్కడో ఒకచోట పరుచుకోవాల్సిందే. కోట్ల మంది ఉన్న నగరంలోకి వెళ్లడం కన్నా జొన్న చేలలోకి వెళ్లడం మేలని ఇంజనీరు అంటే కాదనడం కష్టం. నా పేచీ ఆ లెక్క కట్టే తీరుతో. నష్టాన్ని ఆస్తి విలువతో కొలుస్తారు. నగరంలో ఒక అపార్ట్‌మెంట్ విలువకు పల్లెలో ఒక వీధంతా వస్తుంది. కాబట్టి తక్కెడ ప్రతిసారీ ఒకే వైపు మొగ్గుతుంది. ఒకసారి 'నిల్వ ప్రాంతం' అని ముద్ర పడ్డాక అక్కడ పెద్ద పరిశ్రమ రాదు, భూమి ధర పెరగదు, అప్పిచ్చేవాడు కూడా వెనకాడతాడు. వచ్చే వరద నాటికి ఆ ఊరి విలువ ఇంకా తగ్గి ఉంటుంది, దాన్నే ముంచడం ఇంకా 'లాభసాటి' అవుతుంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పేద ఊరని ముంచుతారు, ముంచడం వల్ల అది పేద ఊరుగానే మిగులుతుంది. ఈ గుండ్రటి దారిలోంచి ఆ ఊరు తనంతట తాను బయటపడలేదు.

అమెరికాలో పిన్‌హుక్ అనే చిన్న ఊరి కథ దీనికి సరిగ్గా అతుకుతుంది. మిజోరీ రాష్ట్రంలో మిసిసిపీ నది పక్కన 1928 వరద చట్టం కింద ఒక వరద దారిని గుర్తించారు. అవసరమైతే ఈ భూములను ముంచే హక్కు మాది అని ప్రభుత్వం ముందే డబ్బిచ్చి రాయించుకుంది. మునిగే భూమి కనుక చవక. 1940ల్లో నల్లజాతి రైతులకు ఇంకెక్కడా భూమి అమ్మేవాళ్లు లేక ఇక్కడ కొనుక్కుని ఊరు కట్టుకున్నారు. 2011 మే 2 రాత్రి సైన్యపు ఇంజనీర్లు బర్డ్స్ పాయింట్ దగ్గర కట్టను పేల్చేశారు. లక్షా ముప్పై వేల ఎకరాలు మునిగాయి. మిజోరీ రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆపలేకపోయింది. ఎదురుగా ఉన్న కైరో పట్టణం బతికింది. నిజానికి కైరో జనాభా మూడు వేలు కూడా లేదు, అక్కడా ఎక్కువ మంది నల్లజాతి పేదలే. అక్కడ ధనిక నగరం, పేద పల్లె అని గీత గీయడం కుదరదు. చట్టప్రకారం అంతా సక్రమమే. కానీ ఆ కాగితాల మీద సంతకం పెట్టింది పాత భూస్వాములు, మునిగింది తర్వాత వచ్చినవాళ్లు. పిన్‌హుక్ మళ్లీ ఆ చోట లేవలేదు.

అదే నది మీద ఇంకా పాత ముచ్చట ఒకటుంది, 1927 నాటిది. న్యూ ఆర్లియన్స్ పైకి వరద వస్తోందని నగర బ్యాంకర్లు, వ్యాపారులు కంగారు పడ్డారు. కింద కార్నార్వాన్ దగ్గర కట్టకు గండి కొట్టమని గవర్నరును ఒప్పించారు. సెయింట్ బెర్నార్డ్, ప్లాక్‌మిన్స్ ప్రాంతాల నుంచి సుమారు పది వేల మందిని ఖాళీ చేయించి ఏప్రిల్ 29న డైనమైట్ పెట్టారు. చూడటానికి పత్రికలవాళ్లను, అతిథులను పిలిచారట, అదేదో ప్రారంభోత్సవంలాగ. నష్టమంతా మేమే కట్టిస్తామని నగర పెద్దలు మాటిచ్చారు. తీరా లెక్కల దగ్గరికొచ్చేసరికి వేటతో బతికే కుటుంబాలకు దక్కింది చిల్లర డబ్బులు. శిబిరాల్లో పెట్టిన తిండి ఖర్చు కూడా అందులోంచే మినహాయించుకున్నారు. అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, ఎగువన కట్టలు వాటంతట అవే తెగిపోయి నది తగ్గింది. అసలు ఆ గండి అవసరమే లేకపోయింది. టెన్షన్‌లో ఉన్నవాళ్ల చేతిలో డైనమైట్ వెంటనే పేలుతుంది, ఇచ్చిన మాట మాత్రం తర్వాత తీరిగ్గా తప్పొచ్చు. దాని తర్వాతే న్యూ ఆర్లియన్స్‌కు ఎగువన, నదిలో ఎక్కువైన నీటిని పక్కకు వదిలే బోనె కారె స్పిల్‌వే కట్టారు, 1931లో పూర్తయింది. అంటే నగరాన్ని కాపాడే ఇంకో దారి ఉండేదే, ముందుగా దానికి డబ్బు పెట్టడమే జరగలేదు.

మళ్లీ చైనాకు వద్దాం. ఈ విషయంలో చైనా చట్టం కాగితం మీద చాలా దేశాల కన్నా మెరుగు. నిల్వ ప్రాంతం వల్ల నేరుగా లాభపడే ప్రాంతాలు అక్కడివాళ్లకు పరిహారం, సాయం అందించే బాధ్యత మోయాలని 1997 వరద నియంత్రణ చట్టంలోనే ఉంది. 2000లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ఇంటి నష్టంలో 70 శాతం ఇస్తారు. పంటకు గత మూడేళ్ల సగటు దిగుబడి విలువలో 50 నుంచి 70 శాతం. పొలం యంత్రాలకు, ఇంట్లో ముఖ్యమైన సామాన్లకు సగం. మొదట మెచ్చుకోవాలి. మన దగ్గర విపత్తు నిధికి నిర్ణీత రేట్లున్నా, వరద వచ్చాక ముఖ్యమంత్రి ప్రకటించేది ఈసారి ఇంత, వచ్చేసారి ఇంకెంతో. అక్కడ కనీసం నిల్వ కోసం ముంచిన ఊరికంటూ ముందే రేటు రాసి ఉంది.

కానీ ఆ రేటులోనే మెలిక ఉంది. నగరం కోసం నీళ్లు మోసిన రైతు తన నష్టంలో 30 నుంచి 50 శాతం తానే భరించాలి, ఎందుకని? ఆ డబ్బు ఇచ్చేది కేంద్ర ఖజానా, ముంపు ప్రాంతం ఉన్న రాష్ట్ర ఖజానా. లాభపడిన నగరం బిల్లు చూసే పనే లేదు. హెబెయ్ మునిగింది, హెబెయ్ ఖజానా కూడా చెల్లించింది. 1997 చట్టంలోని ఆ మంచి వాక్యం అమల్లోకి వచ్చేసరికి నగరం అందులోంచి మెల్లగా జారిపోయింది. పైగా ఆ లెక్క రైతు ఇంటిని, పొలాన్ని ఊహించుకుని రాసింది. గోదాము, చిన్న దుకాణం, అద్దెకున్న కూలీ దాంట్లో ఇమడరు. నీళ్లు నిల్వ చేయడం ఒక సేవ అనుకుంటే దానికి అద్దె ఏటా ఇవ్వాలి, వరద వచ్చినా రాకపోయినా. అగ్నిమాపక కేంద్రానికి మంటలు లేని ఏడు జీతాలు ఆపుతామా?

డెల్టాలో పెరిగినవాళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. వరద రాత్రుల్లో లాంతర్లు, కర్రలు పట్టుకుని కట్ట మీద కాపలా కాసేది నీళ్ల కోసం మాత్రమే కాదు, అవతలి ఊరివాళ్లు వచ్చి గండి కొడతారేమోనని. ఎక్కడో ఒకచోట కట్ట తెగితే ఇంకోచోట ఊపిరి పీల్చుకుంటారు. ఊళ్ల మధ్య జరిగితే దాన్ని కొట్లాట అంటాం, కేసు పెడతాం. ప్రభుత్వం చేస్తే వరద నిర్వహణ అంటాం.

2024 సెప్టెంబరులో విజయవాడలో కథ తిరగబడినట్టు కనిపించింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర బుడమేరు నీటిని మళ్లింపు కాలువలోకి పంపి కృష్ణలో కలుపుతారు. ఈసారి మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం. నగరమే మునిగింది. అయితే నగరంలో మునిగింది ఎవరు? అజిత్‌సింగ్‌నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట. నగరానికి పని చేసిపెట్టేవాళ్లు, చవకగా స్థలం దొరికిందని బుడమేరు పల్లంలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు. నది వైపు రిటైనింగ్ వాల్ కృష్ణలంకను కాపాడింది, అది మంచి పనే. బుడమేరు వైపు అప్పటికి అలాంటి గోడ లేదు. నగరానికి, పల్లెకు మధ్య ఉన్న గీతే నగరం లోపల కూడా ఉంటుందన్నమాట.

ముఖ్యమంత్రి ఇంటిని కాపాడటానికే గేట్లు ఎత్తారంటూ అప్పుడు రాజకీయ దుమారం రేగింది. ప్రభుత్వం కాదంది. నాకు ఆ వాదన కన్నా, అలాంటి అనుమానానికి చోటెలా దొరికిందన్నది ముఖ్యం అనిపిస్తుంది. ఎన్ని అడుగుల దగ్గర ఏ గేటు ఎత్తుతారు, ఎత్తితే ఏ వీధికి ఎంతసేపట్లో నీళ్లొస్తాయి అన్నది సింగ్‌నగర్‌లో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు పుకారే సమాచారం అవుతుంది. బాజౌలో బ్యానర్ పట్టినవాళ్ల బాధా అదే.

ఇంకో దారి లేదా అంటే ఉంది, కాస్త నెమ్మదిది. 1995లో వరద భయంతో నెదర్లాండ్స్‌లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత కట్టలు ఇంకా ఎత్తు పెంచే బదులు నదికి చోటివ్వాలని అక్కడి ప్రభుత్వం అనుకుంది. ఓవర్‌డీప్ అనే పల్లపు ప్రాంతంలోకి పెద్ద వరదలప్పుడు నీళ్లు రానివ్వాలని ప్లాన్ వచ్చింది, ఎగువన ఉన్న పట్టణాల కోసం. అక్కడి పాడి రైతులు ఊరికే అడ్డం పడలేదు, తలూపనూ లేదు. వాళ్లే ఎదురు ప్రతిపాదన పెట్టారు: మాకు ఎత్తైన మట్టి దిబ్బలు వేయండి, వాటి మీద ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకుంటాం, నీళ్లు వస్తే పొలం మునుగుతుంది, మేము మునగం. ఇష్టం లేనివాళ్లు పరిహారం తీసుకుని వెళ్లిపోయారు. సగం మంది మిగిలారు. ఏళ్లు పట్టింది, 2015 నాటికి పూర్తయింది. అది ధనిక దేశం, ఇరవై లోపు కుటుంబాలు, మన జనసాంద్రత ఎక్కడ, అది ఎక్కడ అనవచ్చు, నిజమే. కానీ థాయిలాండ్ ధనిక దేశం కాదు. 2011 వరదల్లో బ్యాంకాక్ కోసం వేసిన ఇసుక బస్తాల గోడలను బయట మునిగినవాళ్లే పీకేశారు. ఆ గొడవల తర్వాత 2017లో యోమ్ నది పక్కన బాంగ్ రకామ్‌లో వరి నాట్లు ముందుకు జరిపి, ఆగస్టు మధ్యలోగా కోత ముగించి, ఆ తర్వాతే పొలాల్లోకి వరద వదిలే పద్ధతి మొదలుపెట్టారు. నీళ్లు నిలిచినన్నాళ్లు చేపలు పడతారు. పరిపూర్ణమేం కాదు. కానీ ఏ నెలలో నీళ్లొస్తాయో రైతుకు ముందే తెలుసు.

ఇప్పుడు అమరావతి ఉంది. కొండవీటి వాగు వరదను కృష్ణలోకి ఎత్తిపోయడానికి ఉండవల్లి దగ్గర పంపులు 2018లోనే పెట్టారు. నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు దగ్గర రిజర్వాయర్లు ప్లాన్‌లో ఉన్నాయి. నగరం తన వరదను తన పరిధిలోనే పట్టుకోవాలనుకోవడం నిజంగా మెచ్చదగ్గ ఆలోచన. మరి పట్టలేనంత వచ్చిన రోజున, బ్యారేజీ దగ్గర మళ్లీ పదకొండు లక్షల క్యూసెక్కులు ఉరుకుతున్న రోజున, ఎత్తిపోసిన ఆ నీళ్లు ముందుగా తగిలేది కింది లంకలకు. ఆ లెక్కను పట్టిక రాసి ఆ లంక పంచాయతీల గోడల మీద అంటిస్తారా, లేక ఆ రాత్రి మైకులో చెబుతారా?