డెబ్బైల ఆల్బమ్‌లను రెండో వైపు విని ఎంచుకోవాలి

1970ల నుంచి నచ్చిన ఆల్బమ్‌లు చెప్పమంటే చాలామంది ఆ దశాబ్దపు గొప్ప పాటలను ముందు గుర్తుకు తెచ్చుకుని, అవి ఏ ఆల్బమ్‌లో ఉన్నాయో చూసి, ఆ పేర్లు వరసగా రాసేస్తారు. అలా తయారైన జాబితాలో ప్రతి పేరూ సరైనదే కావచ్చు గానీ, నా దృష్టిలో అది పాటల జాబితాయే. ఒక ఆల్బమ్ నాకు ఇష్టం అనాలంటే అందులో ఎక్కువ పాటలు నచ్చడం ఒక్కటే చాలదు. అవి ఆ వరసలోనే ఎందుకున్నాయి, ఎక్కడ ఆగాయి, ఆగిన తర్వాత దేనితో మళ్ళీ మొదలయ్యాయి అన్నవి కూడా ఆ ఇష్టంలో భాగం కావాలి. అప్పటి ఆల్బమ్‌కు రెండు వైపులు ఉండేవి కాబట్టి, రెండో వైపును కళాకారులు దేనికి వాడుకున్నారన్నదే ఈ దశాబ్దానికి నేను పెట్టుకున్న కొలబద్ద.

కొలంబియా సంస్థ 1948లో తెచ్చిన ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాల సంగీతం హాయిగా పడుతుంది. అంతకు మించి పట్టించాలంటే గాడులను దగ్గర దగ్గరగా కోయాలి, అందుకోసం ధ్వని స్థాయిని తగ్గించుకోవాలి. పైగా రికార్డు తిరిగే వేగం మారకపోయినా లోపలికి పోయే కొద్దీ చుట్టు చిన్నదవుతుంది. ముల్లు కింద సెకనుకు కదిలే గాడి పొడవు తగ్గిపోయి, పై స్థాయి స్వరాల్లో స్పష్టత సన్నగిల్లుతుంది. హోరెత్తే పాటను మొదట్లోనూ, నెమ్మదైన పాటను వైపు చివరలోనూ పెట్టే అలవాటుకు ఇదీ ఒక కారణమే. ఈ పరిమితుల వల్ల ప్రతి ఆల్బమ్‌కూ నడుమ ఒక ముగింపు, మరో ఆరంభం తప్పనిసరి అయ్యాయి. వినేవారు లేచి రికార్డు తిప్పాల్సిన ఆ కాస్త సమయాన్ని కూడా గొప్ప కళాకారులు తమ కూర్పులో లెక్కవేసుకున్నారు.

జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీ 'ఎక్సోడస్' సంగతే చూడండి. 1976 డిసెంబరు 3న కింగ్‌స్టన్‌లోని ఆయన ఇంటి మీద సాయుధులు కాల్పులు జరిపారు. గాయపడిన మార్లీ రెండు రోజుల తర్వాత వేదికెక్కి పాడి, ఆ పైన జమైకా విడిచి లండన్ చేరుకున్నారు. ఆ ప్రవాసంలో రూపుదిద్దుకుని 1977 జూన్‌లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో వైపుకు ఐదు చొప్పున పది పాటలున్నాయి. మొదటి పాట 'నేచురల్ మిస్టిక్' ఉన్నపళంగా మొదలు కాదు. దాదాపు నిశ్శబ్దంలోంచి గిటారు, దాని వెనకే లయ, అడుగడుగునా దగ్గరవుతూ వస్తాయి, గొంతు వినపడేసరికే మనం చెవులు రిక్కించి ఉంటాం. ఆ వైపు అంతా అపరాధం, అన్యాయం, శత్రువు, ప్రయాణం. ఏడున్నర నిమిషాలకు పైగా సాగే 'ఎక్సోడస్' పాటతో అది ముగుస్తుంది. రికార్డు తిప్పితే 'జామింగ్', ఆ తర్వాత ప్రేమ పాటలు, 'త్రీ లిటిల్ బర్డ్స్', చివరికి 'వన్ లవ్'.

ఈ ఆల్బమ్ మీద నా పట్టుదలకు ఒక కారణం ఉంది. మార్లీ మరణానంతరం 1984లో వచ్చిన 'లెజెండ్' సంకలనం ద్వారానే ఎక్కువ మంది శ్రోతలకు ఆయన పరిచయం. అందులో 'ఎక్సోడస్' నుంచి ఐదు పాటలు తీసుకున్నారు, వాటిలో నాలుగు రెండో వైపువే. మొదటి వైపులోని తొలి నాలుగు పాటల్లో ఒక్కటీ అందులో లేదు. దాంతో 'ఏం ఫరవాలేదు' అని చెప్పే మార్లీ ప్రపంచమంతటికీ తెలిశాడు, ఆ మాట ఏ గాయం తర్వాత చెప్పాడో తెలియకుండా పోయింది. 'త్రీ లిటిల్ బర్డ్స్'ను విడిగా వింటే ముచ్చటైన పాట. మొదటి ఐదు పాటల తర్వాత వింటే, చావు తప్పించుకున్న మనిషి తనకు తాను చెప్పుకుంటున్న ధైర్యంలా ఉంటుంది. సంకలనాలను చూసి ఆల్బమ్‌లను ఎంచుకోవడం నాకు అందుకే సమ్మతం కాదు.

అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1971లో విడుదల చేసిన 'వాట్స్ గోయింగ్ ఆన్' కూర్పు వేరు. మొదటి వైపులోని ఆరు పాటలు తెంపు లేకుండా ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. ఆరంభంలో వినిపించే పలకరింపుల సందడిలో మెల్ ఫార్, లెమ్ బార్నీ అనే ఇద్దరు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల గొంతులు కూడా ఉన్నాయి. వియత్నాం యుద్ధం నుంచి గే తమ్ముడు ఫ్రాంకీ తెచ్చిన అనుభవాలు ఈ పాటల వెనక ఉన్నాయి. ఇల్లు చేరిన సైనికుడు ఊళ్ళో పని దొరుకుతుందా, మన జట్టు గెలుస్తుందా అని ఒకే గుక్కలో అడగడం వింటే, పెద్ద విషాదాన్ని చిన్న ప్రశ్నల్లో పెట్టడం ఎలాగో తెలుస్తుంది. రెండో వైపు మూడే పాటలు. పన్నులు, ధరల పెరుగుదల, నగర జీవితపు ఉక్కిరిబిక్కిరి నిండిన ఆఖరి పాట చివర, ఆల్బమ్ మొట్టమొదటి పాట చరణం ఒకటి మళ్ళీ తలెత్తుతుంది. అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదన్న సంగతి అక్కడ మాటల్లో చెప్పాల్సిన అవసరం ఉండదు.

బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ 'లో' (1977) అయితే రెండు వైపులను రెండు వేర్వేరు లోకాలుగా చీల్చేసింది. మొదటి వైపున ఏడు పొట్టి కూర్పులు, రెండో వైపున దాదాపు సాహిత్యమే లేని నాలుగు సుదీర్ఘమైన కూర్పులు. వాటిలో 'వార్‌షావా'లో వినపడే మాటలు ఏ భాషకూ చెందవు. రెండో వైపు విసుగని దాటేసే వారితో నేను వాదించను. కానీ ఆ సగం వదిలేసి ఈ ఆల్బమ్ తమకు ఇష్టమని చెబితే మాత్రం ఒప్పుకోలేను. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 'ఆటోబాన్' (అంటే హైవే, 1974)లో ఒక్క కూర్పే మొదటి వైపంతా, ఇరవై రెండు నిమిషాలకు పైగా నడుస్తుంది. దాన్ని రేడియో కోసం మూడు నిమిషాల పైచిలుకుకు కత్తిరించినప్పుడు జనాదరణ పొందిందన్నది నిజమే. అయితే కారు తలుపు మూసుకున్న చప్పుడు నుంచి సాగే ఆ దూరాభారమే అందులోని అసలు సంగీతం.

నా జాబితాలో 'శక్తి' కూడా తప్పక ఉండాలి. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, టి. హెచ్. వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం కలిసిన 1975 నాటి ప్రత్యక్ష కచేరీ ఇది, 1976లో ఆల్బమ్‌గా వచ్చింది. మొదటి వైపు ముందుగా పద్ధెనిమిది నిమిషాల ఉరుకు, ఆ వెంటనే 'లోటస్ ఫీట్' అనే చిన్న, నిదానమైన కూర్పు. రెండో వైపంతా ఒకే కూర్పు, ఇరవై తొమ్మిది నిమిషాల విస్తారం. కచేరీలు విన్న చెవికి ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. వేగంతో చప్పట్లు కొట్టించడం సులువే, ఆ తర్వాత సభను కూర్చోబెట్టి నెమ్మదిగా వినిపించడంలోనే విద్వత్తు తెలుస్తుంది.

ఇక వదిలేసినవి. అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 'సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్' (1976) రెండు ఎల్పీలు, మరో నాలుగు పాటల చిన్న రికార్డుతో వచ్చింది. అందులోని పాటల మీద నాకున్న ప్రేమ మాటల్లో చెప్పలేనిది. అయినా దాని వరస ఎక్కడ మార్చినా పెద్ద తేడా రాదని నా అభిప్రాయం. తొమ్మిదే పాటలతో ఒద్దికగా ఉన్న ఆయన 1973 ఆల్బమ్ 'ఇన్నర్‌విజన్స్'నే తీసుకుంటాను. ఈ నిర్ణయం చాలామందికి కోపం తెప్పిస్తుందని తెలుసు.

ఇప్పుడు ఈ ఆల్బమ్‌లన్నీ ఫోనులో ఏకధాటిగా వినిపిస్తాయి. వైపు మారే చోటు తెలియదు, ఆఖరి పాట తర్వాత పునర్విడుదలలో చేర్చిన అదనపు పాటలు మొదలై ముగింపును చెరిపేస్తాయి. 2021లో గాయని అడెల్ కోరిన మీదట పాటలు వినిపించే యాప్ స్పాటిఫై తన చందాదారులకు ఆల్బమ్‌లు తారుమారుగా కాక వరసలోనే మొదలయ్యేలా మార్చింది. మంచి పనే గానీ, వైపుల మధ్య విరామాన్ని మాత్రం మనమే కల్పించుకోవాలి. 'ఎక్సోడస్' ఐదో పాట కాగానే ఆపి, కాసేపు ఊరుకుని, తర్వాత 'జామింగ్' పెట్టుకుని వినండి. నా జాబితాలో మొదటి స్థానం ఆ ఆల్బమ్‌దే, మార్విన్ గేది వెంట్రుకవాసి తేడాతో రెండోది.