రాపా నుయి ప్రజలు తమను తాము నాశనం చేసుకోలేదు

“పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవి వాళ్లు రాతి విగ్రహాల పిచ్చిలో చెట్లన్నీ నరికేశారు, తిండిలేక ఒకరినొకరు చంపుకున్నారు, 1722లో యూరోపియన్లు వచ్చేసరికే సర్వనాశనమైపోయారు.” పర్యావరణం మీద బెంగతోనే చాలామంది ఈ కథ షేర్ చేస్తుంటారు. కానీ ఇప్పటికీ ఆ దీవిలో బతుకుతున్న రాపా నుయి జనం మీద ఇది అన్యాయమైన నింద.

ముందు అసలు ఆరోపణ: 1600ల్లో జనాభా కుప్పకూలిందట. పారిస్‌లోని ఒక మ్యూజియంలో ఉన్న 15 మంది రాపా నుయి వాసుల అవశేషాల నుంచి డీఎన్ఏ తీసి చదివిన అధ్యయనం 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. వీళ్లంతా 1670 తర్వాతి వాళ్లు. అంటే ఆ పతనం నిజంగా జరిగి ఉంటే, దాన్ని తట్టుకుని మిగిలినవాళ్ల సంతానం. జనం బాగా తగ్గిపోతే మిగిలిన కొద్ది కుటుంబాల మధ్యే పెళ్లిళ్లు జరుగుతాయి. దాంతో ఒకే పూర్వీకుడి డీఎన్ఏ ముక్క తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డకు వస్తుంది. అలాంటి ముక్కల పొడవును బట్టి జనం ఎప్పుడు తగ్గారో అంచనా వేయవచ్చు. ఈ 15 మంది డీఎన్ఏలో కనిపించింది 13వ శతాబ్దం నుంచి 1860ల దాకా నిదానంగా పెరిగిన జనాభా. పతనం జాడ లేదు.

పదిహేను మంది చాలా తక్కువ కదా అంటారు. కానీ ఒక్కో మనిషి డీఎన్ఏలో ఎందరో పూర్వీకుల ముక్కలుంటాయి. జనాభా పెద్ద ఎత్తున పడిపోయి ఉంటే ఆ గుర్తు వీళ్లలో కనబడకుండా పోదు.

చెట్లు పోయిన మాట నిజమే. మనుషుల గొడ్డళ్లతో పాటు, పడవల్లో వచ్చిన ఎలుకలు విత్తనాలు తినేయడమూ అందుకు కారణం. అయినా జనం పొలాల్లో రాళ్లు పరిచి, మట్టిలో తేమ నిలిపి చిలగడదుంప పండించుకున్నారు.

యూరోపియన్లు వచ్చేదాకా ఇది బయటి లోకంతో సంబంధమే లేని దీవి అని కూడా అంటుంటారు, అదీ తప్పే. ఆ 15 మంది డీఎన్ఏలో సుమారు పదో వంతు అమెరికా మూలవాసులది. ఆ కలయిక 1250, 1430 మధ్య, యూరోపియన్లు రాకముందే జరిగింది.

జనం నిజంగా కుప్పకూలింది 1862 తర్వాత. పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారులు దాదాపు 1,500 మందిని ఎత్తుకుపోయారు. తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి దీవిలో మిగిలింది సుమారు 110 మంది. ఈ నేరాన్ని వదిలేసి చచ్చినవాళ్లనే దోషుల్ని చేయడం నాకు మింగుడుపడదు.

ఈ డీఎన్ఏ అధ్యయనం చేసిన పరిశోధకులు దీవికి వెళ్లి మాట్లాడినప్పుడు అక్కడి ప్రతినిధులు అధ్యయనానికి ఒప్పుకున్నారు. తమ పూర్వీకుల అవశేషాలు సొంత గడ్డకు తిరిగి రావాలన్నారు.