ఇంటికి కలిపిన నాలుగు మీటర్లు

ఆర్కిటెక్చర్ ఫోటోలు ఇష్టంగా చూసేవాళ్లకు కేప్‌టౌన్‌లోని జైట్జ్ మోకా మ్యూజియం ఎప్పుడో ఒకప్పుడు కంటపడే ఉంటుంది. అది 1920లలో కట్టిన ధాన్యపు గోదాం. లోపల 42 కాంక్రీటు గొట్టాలు పక్కపక్కనే నిలబడి ఉండేవి. థామస్ హెదర్విక్ బృందం అక్కడే దొరికిన మొక్కజొన్న గింజ ఆకారాన్ని పెద్దది చేసి, ఆ గొట్టాల మధ్య అదే రూపంలో ఖాళీ తొలిచింది. 2017లో మ్యూజియం తెరిచారు. బార్సిలోనా పక్కన రికార్డో బోఫిల్ అనే ఆర్కిటెక్ట్ 1973లో ఒక పాత సిమెంటు ఫ్యాక్టరీని కొని, సొంత ఇల్లుగా, ఆఫీసుగా మార్చుకున్నారు. సైలోల (సిమెంటు నిల్వ చేసే ఎత్తైన గొట్టాల) మీద నుంచి తీగలు వేలాడే ఆ ఇంటిని ఒకసారి చూస్తే మర్చిపోలేం.

ఇవన్నీ గొప్ప పనులే. నేనూ ఆ ఫోటోల దగ్గర ఆగిపోతాను. కానీ పాత భవనాన్ని బాగు చేయడమంటే ఏమిటో నాకు నేర్పింది మాత్రం ఫోటోలో పెద్దగా ఆకట్టుకోని పని. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో, గ్రాన్ పార్క్ అనే కాలనీలో, మూడు పొడవాటి ప్రభుత్వ అపార్ట్‌మెంట్ బ్లాకులు ఉన్నాయి. వాటిలో 530 ఇళ్లు.

1960ల మొదట్లో కట్టిన బ్లాకులవి. పది నుంచి పదిహేను అంతస్తులు, చిన్న కిటికీలు, ఇరుకు గదులు. ఫ్రాన్స్ నిండా ఇలాంటివి ఉన్నాయి. 2003లో అక్కడి ప్రభుత్వం పెద్ద పట్టణ పునరుద్ధరణ పథకం తెచ్చి, రెండు లక్షల ఇళ్లు కూల్చి, అన్నే కొత్తవి కట్టాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ కాలనీలు పేదరికానికి, గొడవలకు గుర్తులుగా మారాయి కాబట్టి వాటిని నేలమట్టం చేయడమే మార్గమని చాలామంది నమ్మారు.

ఆ సమయంలో ఆన్ లకటోన్, జాన్ ఫిలిప్ వాసాల్, ఫ్రెడెరిక్ డ్రువో అనే ముగ్గురు ఆర్కిటెక్టులు ఎదురు లెక్క వేశారు. ఒక ఇంటిని కూల్చి మళ్లీ కట్టే ఖర్చుతో రెండు మూడు ఇళ్లను పెద్దవి చేసి, బాగు చేయొచ్చని 2004లో ఒక అధ్యయనంలో చూపించారు. దేన్నీ కూల్చొద్దు, ఉన్నదానికి కలపాలి, మార్చాలి, మళ్లీ వాడుకోవాలి అనేదే వాళ్ల సూత్రం.

చెప్పడం తేలికే. చేసి చూపించే అవకాశం మొదట పారిస్‌లో వచ్చింది. బ్వా ల ప్రెత్ర్ అనే పాత టవర్‌ను 2011 నాటికి మార్చారు. తర్వాత క్రిస్టోఫ్ యూతాన్ అనే మరో ఆర్కిటెక్ట్‌ను కలుపుకొని బోర్డోలోని మూడు బ్లాకులు చేపట్టారు.

పని జరిగిన తీరు వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు తెలివంతా అందులోనే ఉంది. పాత బిల్డింగ్‌కు ఆనించి, సొంత పునాదుల మీద నిలిచే కొత్త ఫ్రేమ్ లేపారు. ముందే పోతపోసి తెచ్చిన స్లాబులను, స్తంభాలను క్రేన్‌తో ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. కొత్త బరువు పాత గోడల మీద పడదు. ఆ ఫ్రేమ్ సిద్ధమయ్యాక, పాత గోడలోని చిన్న కిటికీ ఉన్న భాగాన్ని కోసేసి, నేల దాకా ఉండే పెద్ద గాజు తలుపులు పెట్టారు. అంటే హాల్లోంచి అడుగు బయట పెడితే ఇంటికి కొత్తగా కలిసిన దాదాపు నాలుగు మీటర్ల లోతు జాగా. అందులో ఎక్కువ భాగానికి బయటి వైపు పాలీకార్బొనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లతో చేసిన, పక్కకు జరిపే పలకలు ఉంటాయి. చివర సన్నని బాల్కనీ. చలికాలంలో ఆ పలకలు మూసేస్తే ఎండ వేడి లోపలే నిలిచి, హీటర్ ఖర్చు తగ్గుతుంది. వేసవిలో తెరిచి, కర్టెన్లు లాగి, గాలి ఆడేలా చేసుకుంటారు.

ఒక్కో ఇంట్లో పని సుమారు రెండు వారాల్లో అయిపోయింది. ఆ రోజుల్లో కూడా ఇంట్లోవాళ్లు అక్కడే ఉన్నారు. సామాన్లు మూటగట్టుకుని ఊరి చివరకు పోవాల్సిన అవసరం రాలేదు. బాత్రూమ్‌లు, కరెంటు వైరింగ్, లిఫ్టులు కూడా మార్చారు. అన్నింటికంటే పెద్ద విషయం, అద్దె పెంచలేదు. ఈ పనికి 2019లో ఆర్కిటెక్చర్‌కు యూరప్‌లో ఇచ్చే పెద్ద గుర్తింపు, మీస్ వాన్ డెర్ రోహ్ పురస్కారం వచ్చింది. 2021లో లకటోన్, వాసాల్‌లకు ఆర్కిటెక్చర్‌లో ప్రపంచంలోనే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు.

కొత్త జాగాను దేనికి వాడుకోవాలో ఆర్కిటెక్టులు చెప్పలేదు. ఒకరు మొక్కలు పెంచుకున్నారు. ఇంకొకరు డైనింగ్ టేబుల్ వేసుకున్నారు. మనకు ఇది కొత్తేం కాదు. పాత ఇళ్లలో అరుగు ఇలాంటిదే కదా. ఫలానా పనికని ఎవరూ కట్టలేదు కానీ, వడియాలు ఎండేది దాని మీదే, పిల్లలు ఆడేది దాని మీదే, దారినపోయే మనిషి కాసేపు కూర్చునేదీ దాని మీదే. మండువా చుట్టూ ఉండే వసారా కూడా అంతే. లోపలా బయటా కాని ఆ జాగా మన అపార్ట్‌మెంట్లలో ముందు బాల్కనీగా చిక్కి, తర్వాత గ్రిల్లు బిగించుకుని, చివరికి వాషింగ్ మెషీన్ పెట్టుకునే మూలగా మిగిలింది. బోర్డోలో 530 కుటుంబాలకు దాన్ని తిరిగి ఇచ్చారని చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

బయటి నుంచి చూస్తే ఈ బ్లాకులు ఏమంత అందంగా లేవనే విమర్శ ఉంది. కొంత నిజమే. ప్లాస్టిక్ షీట్లు, అల్యూమినియం ఫ్రేములు, ఒకే వరస. గ్రీన్‌హౌస్‌ను నిలువుగా పేర్చినట్టు ఉంటుంది. కానీ ఇంటిని రోడ్డు మీద నుంచి మాత్రమే చూసి తీర్పు చెప్పడం నాకు సరైన పద్ధతిగా అనిపించదు. పదో అంతస్తులో కూర్చుని నగరం మొత్తాన్ని చూసే పెద్దావిడ కోసం కట్టిన ముఖమది.

లండన్‌లో జరిగినదాన్ని దీంతో పోల్చి చూస్తే తేడా బాగా అర్థమవుతుంది. ఎర్నో గోల్డ్‌ఫింగర్ డిజైన్ చేసిన బాల్‌ఫ్రన్ టవర్ 1967 నాటి 26 అంతస్తుల ప్రభుత్వ గృహసముదాయం. రక్షిత కట్టడం కాబట్టి కూల్చలేదు. కాంక్రీటు అంతా శ్రద్ధగా బాగు చేశారు. అయితే ఆ క్రమంలో పాత అద్దెదారులంతా ఖాళీ చేయాల్సి వచ్చింది, ఫ్లాట్లు మార్కెట్ ధరకు ఇచ్చే ఇళ్లుగా మారాయి. భవనం దక్కింది, మనుషులు పోయారు. ఆ పక్కనే ఉన్న రాబిన్ హుడ్ గార్డెన్స్‌కు ఆ రక్షణ కూడా దొరకలేదు. 2017లో కూల్చడం మొదలుపెట్టారు, ఒక మూడంతస్తుల ముక్కను మాత్రం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాచిపెట్టుకుంది. ఒకప్పుడు వంట జరిగిన ఇంటి ముక్కను మ్యూజియం వస్తువుగా చూడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

కూల్చివేతకు ఇంకో లెక్క కూడా ఉంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీదే. నిలబడి ఉన్న స్లాబు కోసం ఆ పొగ ఎప్పుడో గాల్లో కలిసిపోయింది. దాన్ని పగలగొట్టి మళ్లీ పోస్తే అదే పొగ రెండోసారి వదిలినట్టే.

ఈ మాటలు హైదరాబాద్‌కు ఎందుకు పనికొస్తాయంటే, పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు దాటిన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు అసోసియేషన్ మీటింగ్ అంటే రీడెవలప్‌మెంట్ మాటే. బిల్డర్ వస్తాడు, ఒక్కొక్కరి భూమి వాటా లెక్క కడతాడు, ఇన్ని అడుగులు ఎక్కువ ఇస్తానంటాడు. మూడేళ్లు అద్దె ఇంట్లో ఉండాలన్న టెన్షన్ పెద్దవాళ్లది. అద్దెకున్నవాళ్లనైతే ఎవరూ అడగనే అడగరు. పైకప్పు కారుతోంది, పైపులు తుప్పుపట్టాయి, లిఫ్ట్ ఆగిపోతోంది అనేవి నిజమైన కష్టాలే. పిల్లర్లలో కడ్డీలు తుప్పుపట్టి పనికిరాకుండా పోయిన బిల్డింగులూ ఉంటాయి, వాటిని కూల్చక తప్పదు. కానీ ఏది ఎంత పాడైందో స్ట్రక్చరల్ ఇంజనీర్ పరీక్షించి చెప్పకముందే బిల్డర్‌తో బేరం మొదలవుతోంది. ప్రభుత్వమైనా ఇంతే. వందేళ్లు దాటిన ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను తీసేసి అక్కడ అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేస్తేనే ఆ భవనం నిలిచింది.

బోర్డో పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని నేను అనడం లేదు. మే నెలలో మన ఎండకు పాలీకార్బొనేట్ గది కుంపటి అవుతుంది. మనకు కావాల్సింది నీడ. పడమటి గోడకు ఆనించి సొంత పునాది మీద లేపిన ఆరడుగుల వరండా, దానికి వెదురు తడికో, సిమెంటు జాలీయో ఉంటే లోపలి గది వేడి తగ్గుతుంది, ఇంటికి జాగా కలుస్తుంది. కానీ ఇక్కడే మన నిబంధనలు అడ్డొస్తాయి. పాత అపార్ట్‌మెంట్ మొత్తాన్ని కూల్చి, మరింత ఎత్తు కడతామంటే కొత్త ప్లాన్‌కు దారి ఉంది. ఉన్న బిల్డింగ్‌కు ఆరడుగుల వరండా కలపాలంటే అది చాలాచోట్ల సెట్‌బ్యాక్‌లోకి, అంటే బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి వస్తుంది, అనుమతి పొందిన ప్లాన్‌ను ఉల్లంఘించినట్టే లెక్క. ఫైరింజన్ తిరిగే దారి వదిలి, పునాది భద్రత పరీక్షించి, ఇలాంటి చేర్పులకు విడిగా అనుమతి ఇచ్చే నిబంధన ఒకటి మున్సిపల్ శాఖ రాయొచ్చు. ముందుగా ప్రభుత్వం చేతిలోనే ఉన్న పాత స్టాఫ్ క్వార్టర్స్‌లో ఒక్క బ్లాకు తీసుకుని, లోపలివాళ్లను కదపకుండా చేసి చూడొచ్చు.