సవరణ: ఉదయగిరి బాలకృష్ణుడు వెళ్లింది విఠలాలయానికి కాదు

మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గురించి మొన్న పెట్టిన పోస్టులో, శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి విఠలాలయంలో ప్రతిష్ఠించాడని రాశాను. అది తప్పు. ఆ విగ్రహం కోసం రాయలు విడిగా కృష్ణాలయమే కట్టించాడు. 1515లో ప్రతిష్ఠ జరిగిందని ఆ గుడిలోని శాసనమే చెబుతోంది.

గుడి పేరే కదా, ఏదైతేనేం అని వదిలేసే విషయం కాదిది. ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి చేతిలో ఉన్న ఉదయగిరి, ఏడాదికి పైగా ముట్టడి సాగాక 1514లో రాయల వశమైంది. ఓడిన గజపతి కోటలోని దేవుణ్ణి రాయలు తన రాజధాని హంపికి తెచ్చుకుని కొత్తగా గుడి కట్టాడంటే, అందులో భక్తి ఎంతో గెలుపు చాటింపూ అంతే. ఆ గుడి తూర్పు గోపురం చూడండి: సున్నపు బొమ్మల్లో డాళ్లు పట్టిన సైనికులు, గుర్రాలు, ఏనుగులు. సగం రాలిపోయినా పోరు హడావుడి తెలుస్తూనే ఉంటుంది. అది ఉదయగిరి యుద్ధమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

ఉదయగిరి కొండెక్కితే ఆ విగ్రహం కనిపిస్తుందా అని కొందరు అడిగారు. కనిపించదు, హంపిలోనూ లేదు. బాగా దెబ్బతిన్న ఆ విగ్రహం చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నెల్లూరు వాళ్లకు హంపి కంటే అదే దగ్గర.