గర్భిణి కామెర్లకు మూలం మంచినీటి పైపులో ఉంది

నెలలు నిండుతున్న గర్భిణికి కళ్లు పచ్చబడితే ఇప్పటికీ చాలా ఇళ్లలో ముందు పసరు మందు కోసమే పరుగెడతారు. ఆ ఆలస్యాన్ని అందరం తప్పుపడతాం. ఆ కామెర్లు ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రం అడగం.

మురుగు కలిసిన నీటి ద్వారా కాలేయానికి సోకి కామెర్లు తెచ్చే వైరస్ హెపటైటిస్-ఇ. అది సోకిన మామూలు మనుషుల్లో దాదాపు అందరూ కోలుకుంటారు. అదే వైరస్ చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే 20 నుంచి 25 శాతం వరకు ప్రాణాలు పోతాయి. కాలేయం రోజుల్లోనే దెబ్బతిని, రక్తం గడ్డకట్టే గుణం కోల్పోయి, కాన్పులో రక్తస్రావం అదుపు తప్పుతుంది. గర్భిణికి నిశ్చింతగా ఇవ్వదగిన ప్రత్యేక మందు లేదు.

1955-56లో ఢిల్లీలో యమున నుంచి నీళ్లు తోడుకునే చోటికే మురుగు చేరింది. క్లోరిన్ మోతాదు పెంచారు. దాంతో టైఫాయిడ్ పెరగలేదు గానీ కామెర్లు సుమారు 29 వేల మందిని పట్టుకున్నాయి. అది హెపటైటిస్-ఇ అని దశాబ్దాల తర్వాత తేలింది. 2005లో హైదరాబాద్ కూడా ఇదే వ్యాధిని చవిచూసింది.

మన వీధిలో కుళాయి వచ్చే వేళకు వెళ్లి చూడండి. మొదట వచ్చే నీళ్లు మసకగా, వాసనతో ఉంటాయి. ఆడవాళ్లు వాటిని కాసేపు వదిలేసి, తేటపడ్డాక బిందె పెడతారు. రోజుకో గంట నీళ్లు వదిలి కట్టేస్తే పైపులో ఒత్తిడి పడిపోతుంది, పక్కనే పారే మురుగు పగిలిన అతుకుల గుండా లోపలికి చేరుతుంది. తేటపడినంత మాత్రాన వైరస్ పోదు.

నీళ్లు కాచి తాగమంటారు. మంచి మాటే, గర్భిణి తప్పక పాటించాలి. కానీ గ్యాస్ బండను పొదుపుగా వాడుకునే ఇల్లాలి మీదకు నగరపాలక సంస్థ బాధ్యతను నెట్టడం న్యాయం కాదు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది లెక్క తీరు. కలుషిత నీరు తాగిన రెండు నుంచి పది వారాలకు గానీ జబ్బు బయటపడదు. గర్భిణి ఆసుపత్రిలో చేరేనాటికి ఆ లీకేజీకి ఎవరో అతుకు వేసి ఉంటారు. ఆమె చనిపోతే జరిపే మరణ సమీక్షలో రక్తం ఎప్పుడు ఎక్కించారో, అంబులెన్స్ ఎప్పుడొచ్చిందో అడుగుతారు, ఏ కుళాయి నీళ్లు తాగిందో అడగరు. ప్రసూతి వార్డులో పడకలు పెంచి మాతృ మరణాలు తగ్గిస్తామనే పాలకులు భూమిలోని పైపును లెక్కలోకే తీసుకోరు. చైనా 2011లోనే ఈ వ్యాధికి టీకాను ఆమోదించింది. 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిరాశ్రయుల శిబిరంలో గర్భిణులకూ ఇచ్చారు. మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో అది లేదు.

కామెర్లతో గర్భిణి మరణించిన ప్రతిసారీ ఆ వీధి నీటిని పరీక్షించాలి, సమీక్షలో వైద్యాధికారి పక్కన నీటి సరఫరా ఇంజనీరునూ కూర్చోబెట్టాలి.