తప్పంతా చేపలదే

జల విద్యుత్ కేంద్రాల దిగువన నీళ్లు తగ్గినప్పుడల్లా చేపపిల్లలు బండల మధ్య చిక్కుకుని చస్తున్నాయని, దీని మీద ఎవరైనా ఒక కన్నేసి ఉంచాలని కొందరు సున్నిత మనస్కులు మొత్తుకుంటున్నారు. రెండు వైపులా వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు కాబట్టి కరెంటు తరఫున నాలుగు మాటలు చెప్పక తప్పదు.

కృష్ణా నది మీద జూరాల సంగతే చూడండి. పై జూరాలలో 39 మెగావాట్ల యూనిట్లు, అంటే కరెంటు తీసే యంత్రాలు, ఆరు, దిగువ జూరాలలో 40 మెగావాట్లవి మరో ఆరు. ఆల్మట్టి, నారాయణపూర్ దాటి వరదొస్తే తిరుగుతాయి, వరద తగ్గితేనో గ్రిడ్‌కు అక్కర్లేకపోతేనో ఆగుతాయి. ఇందులో దాపరికమేముంది? అయినా బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు, పరకలు ఏం చేస్తాయి? నడి ఏటి ఉరవడికి ఆగలేక ఒడ్డు పక్క పల్చటి నీళ్లలోకి చేరతాయి. అక్కడ నాచుంది, పురుగుంది, ప్రవాహం నెమ్మది. యూనిట్లు ఎన్నింటిదాకా నడుస్తాయో ఒక్కటీ ముందుగా కనుక్కోదు. అవి ఆగి నీళ్లు జారిపోగానే పెద్ద వాలుగ ఒక్క ఊపుతో పాయలో పడుతుంది. వేలెడంత పిల్లలు మాత్రం కొన్ని గులకరాళ్ల మీద, కొన్ని బండ గుంటల్లో మిగిలిపోతాయి. గుంటలో పడ్డవి బతికిపోయాయనుకోకండి. పొద్దెక్కేసరికి ఆ నీళ్లు కాగుతాయి, గాలి చాలక పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. పక్కనే రాతి పగుల్లో ఒక జెల్ల పిల్ల ఇరుక్కుని, ఒళ్లంతా ఎండి, మీసాలు మాత్రం కదిలిస్తూ ఉంటుంది. గట్టు మీద కొంగ తొందరేమీ లేనట్టు ఒంటికాలి మీద నిలబడుతుంది. పర్యవేక్షణ లేదని ఎవరన్నారు? టైముకు డ్యూటీకొచ్చేది అదొక్కటే, జీతం కూడా అక్కడికక్కడే తీసుకుంటుంది.

నాగార్జునసాగర్ చేపల తెలివితక్కువతనం ఇంకా ఎక్కువ. అక్కడ ఎనిమిది యూనిట్లలో ఏడు రివర్సిబుల్. అవసరమైతే కిందికి వదిలిన నీళ్లనే మళ్లీ పైకి తోడతాయి. అలాంటి చోట కాపురం పెట్టి, దిగువంటే ఎటో తెలియడం లేదని ఏడిస్తే ఎవరేం చేస్తారు?

సైరన్ లేదా అంటే, ఎందుకు లేదు, గేట్లెత్తేటప్పుడు మోగిస్తారు. పశువుల కాపరులు, బీచుపల్లి ఘాట్‌లో స్నానాలకు దిగినవాళ్లు గట్టెక్కాలి కదా. నీళ్లు వదిలితే మనిషికి గండం, ఆపితే చేపకు గండం. చేపకు ఓటుంటే రెండో సైరన్ గురించి ఆలోచించవచ్చు.

కెనడాలో కొలంబియా నది మీద కీన్లీసైడ్ డ్యామ్ ఉంది. అక్కడివాళ్లు నీళ్లు తగ్గించే ముందే లెక్కలేస్తారు. ఏ దిబ్బ బయటపడుతుంది, అది ఎన్నాళ్లుగా నీళ్లలో ఉంది (ఎక్కువ రోజులు మునిగి ఉంటే అక్కడ అంత ఎక్కువ చేపలు స్థిరపడతాయట), ఇది పిల్లల కాలమా కాదా అని చూస్తారు. తగ్గించాక బకెట్లు, వలలు పట్టుకుని వెళ్లి, చిక్కుకున్నవాటిని లెక్కపెట్టి మళ్లీ నదిలో వదులుతారు. నార్వేలోనైతే నీటిమట్టం గంటకు ఇన్ని సెంటీమీటర్లకు మించి దిగకూడదని శాస్త్రజ్ఞులు పరిశోధనలే చేశారు. పనిలేని దేశాలు! బకెట్లతో మనవాళ్లూ వస్తారు. కాకపోతే ఆ చేపలు మళ్లీ నది ముఖం చూడవు. జూరాల దగ్గర వేయించిన చేప తినడానికి హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చే జనాన్ని ఖాళీ ప్లేటుతో పంపుతామా?

మనకు లెక్కలు రావని కాదు. ఇరిగేషన్‌ వాళ్లు క్యూసెక్కులు లెక్కపెడతారు, కరెంటోళ్లు మెగావాట్లు, కృష్ణా బోర్డు టీఎంసీలు. మత్స్యశాఖ 2016 నుంచి చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా వదులుతున్న చేపపిల్లల్ని లెక్కపెడుతుంది. వదిలే రోజు బ్యానరుంటుంది, ఫొటోలుంటాయి. బండ మీద ఎండిపోయే రోజు ఫొటోకు ఎవరూ దిగరు, లైటింగ్ బాగానే ఉన్నా.

యూనిట్లన్నీ ఒక్కసారే ఆపకుండా కాస్త విరామమిచ్చి ఆపితే చాలని, ఆపిన గంటకు ఊళ్లో కుర్రాడొకడు గుంటలన్నీ తిరిగి ఎన్ని చిక్కాయో నోటుబుక్కులో రాస్తే చాలని ఒక సలహా వినిపిస్తోంది. చవకే. కానీ ఆ కుర్రాడు ఎవరి మనిషి? బండ రెవెన్యూది, నీళ్లు ఇరిగేషన్‌వి, తగ్గించింది కరెంటోళ్లు, చేప మత్స్యశాఖది, చచ్చాక కొంగది. ఫైలు ఇన్ని టేబుళ్లూ తిరిగి జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు తేదీ ఖరారయ్యేసరికి ఆల్మట్టి గేట్లు మళ్లీ ఎత్తుతారు. గుంటలన్నీ నిండా మునిగి ఉంటాయి. చేపలు చిక్కుకున్న ఆనవాళ్లేవీ కనబడలేదని రాసి, అందరూ సంతకాలు పెట్టి, దారిలో భోజనానికి ఆగవచ్చు.